మా బావమరిది మొహమాటం

దేవుణ్ణి నోరు తెరిచి అడగవచ్చా, అడగకూడదా అన్న అనుమానం నాకు పెళ్ళికి ముందు నుంచీ ఉంది. మా నాన్న రోజూ దీపం పెట్టి, చేతులు జోడించి, ఒక్క కోరికైనా పైకి అనకుండా లేచిపోయేవాడు. "మనకేం కావాలో ఆయనకు తెలియదా? చెప్పామంటే తెలియదనుకున్నట్టేగా" అనేవాడు. మా అత్తగారి పద్ధతి వేరు. ఆవిడ దేవుడి ముందు కూర్చుంటే తన నడుం నొప్పితో మొదలుపెట్టి ఎదురింటివాళ్ళ కుళాయి దాకా అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేది. "ఇంతమంది గొడవల్లో నా సంగతి ఆయనకెక్కడ గుర్తుంటుంది నాయనా, మనమే గుర్తు చెయ్యాలి" అనేది. ఇద్దరూ భక్తులే. ఎవరిది సరైన దారో నాకు తేలలేదు. గ్రంథాలు తిరగేసి తేల్చుకునేంత చదువు నాకు లేదు. దీపం పెడతాను, శ్లోకం చదువుతాను, ఏదైనా కోరిక పైకి తేలబోతే కళ్ళు ఇంకొంచెం గట్టిగా మూసుకుంటాను.

మా ఆవిడకు ఈ అనుమానాలేమీ లేవు. అచ్చంగా వాళ్ళమ్మ కూతురు. ఆవిడ తమ్ముడు మాత్రం ఎలా జరిగిందో గాని మా నాన్న మనవడిలా తయారయ్యాడు. చిన్నప్పుడు చుట్టాలింటికి వెళ్తే కడుపు మాడుతున్నా "ఇప్పుడే తిన్నానండీ" అనే రకం. కూరలో ఉప్పు వెయ్యడం మరిచిపోతే చప్పగానే తిని, కంచం కడిగి పెట్టి వెళ్ళే రకం. మా ఆవిడ వాడికి "పర్లేదు" అని పేరు పెట్టింది. ఏమడిగినా వాడి నోట వచ్చే మొదటి మాట అది.

ఈ దేశానికి మేము ముందు వచ్చాం. నేను ఆస్పత్రి బట్టలు ఉతికే చోట పనిచేస్తాను. దుప్పట్లు, దిండు గలీబులు, ఆపరేషను గౌన్లు చక్రాల బోనుల్లో వస్తాయి. ఉతికి, ఆరబెట్టి, ఆవిరి రోలరు మీద ఇస్త్రీ చేసి, మడతపెట్టి మళ్ళీ అవే బోనుల్లో వార్డులకు పంపుతాం. మా ఆవిడ ఒక దర్జీ దుకాణంలో ప్యాంట్లు పొడవు తగ్గిస్తుంది, గౌన్లు నడుము దగ్గర వదులు చేస్తుంది. దుకాణం పైనే మా ఇల్లు. ఒక పడకగది, ఒక ముందుగది, ఇద్దరు నిలబడితే మూడోవాళ్ళు బయట ఉండాల్సిన వంటిల్లు. దేవుడి పటాలు ఫ్రిజ్ మీద ఉంటాయి. మా బావమరిది ఇక్కడికి చదువుకోవడానికి వచ్చిన రోజు నుంచీ ముందుగదిలో సోఫా వాడిది.

చదువు పూర్తయ్యాక వీసా సంగతి వాడు మాకు మూడు గ్లాసులు పెట్టి చెప్పాడు. చదివినవాళ్ళను రెండేళ్ళు ఉండనిస్తారు. ఆ రెండేళ్ళు ఏ పనైనా చేసుకోవచ్చు. తర్వాత ఉండాలంటే మూడు కుదరాలి. పని చదువుకు తగ్గదై ఉండాలి, అది ఒక గ్లాసు. జీతం వాళ్ళు గీసిన గీత దాటాలి, అది రెండో గ్లాసు. ప్రభుత్వం దగ్గర పేరు నమోదు చేయించుకున్న కంపెనీ ఏదైనా ఈ మనిషి మాకు కావాలని పూచీ పడాలి, అది మూడోది.

"ఒక్కటి తక్కువైతే?" అంది మా ఆవిడ.

"సర్దుకుని ఇంటికెళ్ళడమే అక్కా."

"అయితే ఆ గ్లాసులు అక్కడే ఉండనీ. కడగను. రోజూ కనబడుతుంటే నీకు బుద్ధొస్తుంది."

మొదటి రెండు గ్లాసులు తొందరగానే కుదిరాయి. దుకాణాలకు కోల్డ్ రూములు కట్టే ఒక చిన్న కంపెనీలో వాడికి ఉద్యోగం వచ్చింది. మాంసం, పాలు, పూలు పెట్టుకునే గదులు. ఎక్కడ ఎంత మందం గోడ వెయ్యాలి, చల్లగాలి ఎటునుంచి ఎటు తిరగాలి, తలుపు ఎన్నిసార్లు తీస్తే లోపల ఎంత వేడెక్కుతుంది, ఇవన్నీ లెక్కగట్టి బొమ్మ గియ్యడం వాడి పని. కంపెనీ అంటే ఒక షెడ్డు, ఒక వ్యాను, ఐదారుగురు మనుషులు. యజమాని అరవై దాటిన మనిషి. మేము పెద్దాయన అనేవాళ్ళం. ఆయన మాట్లాడేది ఈ దేశం భాషే గాని, నేను మన మాటల్లో చెబుతున్నాను.

పెద్దాయనకు వాడంటే ఇష్టం. చేరిన కొత్తలోనే, "నువ్వు పనిలో కుదురుకో. నీ వీసా కాగితాల సంగతి, ఆ సమయం వచ్చినప్పుడు నాకు చెప్పు, చేద్దాం" అన్నాడట. ఆ మాట విని మా బావమరిది పండగ చేసుకున్నాడు. పెద్దమనిషి మాట ఇచ్చాడు, ఇక మూడో గ్లాసు కూడా కుదిరినట్టే అనుకున్నాడు. ఆ మాటలో "నాకు చెప్పు" అన్న ముక్క మా ఆవిడ ఒక్కతే పట్టుకుంది.

మొదటి ఏడాది గడిచింది. ఒక ఆదివారం మా ఆవిడ బెండకాయలు తరుగుతూ అడిగింది.

"ఏరా, మీ పెద్దాయన కాగితాలు మొదలుపెట్టాడా?"

"చేస్తానన్నాడు కదక్కా."

"అన్నదెప్పుడు? నువ్వు చేరిన కొత్తలో. మళ్ళీ అడిగావా?"

"మాట ఇచ్చిన మనిషిని మళ్ళీ మళ్ళీ అడిగితే నమ్మనట్టు ఉండదూ? బావా, నువ్వు చెప్పు."

ఇద్దరూ నా మొహం చూశారు. "అడగాలి. అడగడం అడగాలి. కాకపోతే కొంచెం సమయం చూసి..." అన్నాను.

మా ఆవిడ కత్తి కింద పెట్టింది. "ఆయన్నా నువ్వు సలహా అడిగేది? పెళ్ళిచూపులకు వచ్చినప్పుడు నచ్చానో లేదో చెప్పడానికి నెల తీసుకున్నాడు. మా నాన్నే వెళ్ళి అడిగితే, 'ఆ రోజే నచ్చింది, చెబితే తొందరపడ్డట్టు ఉంటుందని' అన్నాడు. ఈలోపు ఇంకో సంబంధం కుదిరి ఉంటే ఏమయ్యేవాడో!"

"హాయిగా ఉండేవాణ్ణి" అన్నాను. బెండకాయ ముచ్చిక వచ్చి నా చెవికి తగిలింది. నవ్వుల్లో సంగతి అక్కడికి ఆగిపోయింది.

రెండో ఏడాది మధ్యలో ఒక పెద్ద కంపెనీవాళ్ళు మా బావమరిదిని పిలిచారు. వాడు గీసిన కోల్డ్ రూము ఏదో వాళ్ళ కంట్లో పడిందట. ఆ కంపెనీ ఎప్పుడో నమోదైంది, బయటి దేశాలవాళ్ళు అందులో బోలెడుమంది ఉన్నారు. వస్తే మిగతాదంతా మేం చూసుకుంటామన్నారు. వారంలో చెప్పమన్నారు.

సరిగ్గా ఆ వారంలోనే పెద్దాయన ఒక పాల డిపోలో తడి నేల మీద జారి పడి మోకాలు పాడు చేసుకున్నాడు. మా ఆస్పత్రిలోనే ఆపరేషను. షెడ్డులో సగం కట్టిన గదులు మూడు. లెక్కలు తెలిసినవాడు మా బావమరిది ఒక్కడే.

"ఆయన మంచం మీద ఉండగా వదిలేసి పోతే నేను మనిషినేనా అక్కా?" అన్నాడు.

"మనిషివే. వీసా ఉన్న మనిషివి" అంది మా ఆవిడ. "కనీసం ఆయనకు చెప్పరా. నాకు ఇలా వేరేచోట వచ్చింది, మీరు కాగితాలు చేస్తున్నారా లేదా అని ఒక్క ముక్క. తప్పేముంది అందులో?"

"మంచాన పడ్డ మనిషిని బెదిరించినట్టు ఉంటుంది."

ఆ సాయంత్రం నా డ్యూటీ అయ్యాక వాడితోపాటు నేనూ వార్డుకు వెళ్ళాను. పెద్దాయన కాలు దిండ్ల మీద ఎత్తి పెట్టి ఉంది. ఆయన కప్పుకున్న దుప్పటి అంచున మా రోలరు పడేసే సన్నటి మడత గీత కనిపించి, నాకు కొంచెం సంతోషమనిపించింది. వాడు బొమ్మలు చూపించాడు. ఆయన అన్నీ విని, కళ్ళజోడు తీసి, "నీ కాగితాలు ఎలా ఉన్నాయి? అంతా బాగానే ఉందా?" అని అడిగాడు.

అడిగాడు. నేను విన్నాను.

"వాటికేం తొందర సార్! ముందు మీరు లేచి నడవండి" అన్నాడు మా బావమరిది.

ఎంత పద్ధతిగా మాట్లాడాడు అనుకున్నాను నేను. దారిలో ఆ మాటే వాడితో అన్నాను కూడా. పెద్ద కంపెనీకి వాడు మర్యాదగా, రాలేనని రాసి పంపాడు. మా ఆవిడ రెండు రోజులు మా ఇద్దరితో మాట్లాడలేదు. కూర మాత్రం వేసింది.

పెద్దాయన చేతికర్రతో మళ్ళీ షెడ్డుకు వచ్చేసరికి వీసా గడువు బాగా దగ్గరపడింది. ఫ్రిజ్ పక్కన మూడు గ్లాసులకూ దుమ్ము పట్టింది. ఒక శనివారం మా ఆవిడ నన్ను తలుపు దగ్గర నిలబెట్టి, "నువ్వూ వెళ్ళు. వాడు నోరు తెరవకపోతే నువ్వు తెరువు. అడక్కుండా ఈ మెట్లెక్కొద్దు" అంది.

వెళ్ళాం. షెడ్డులో ఒక మూల అద్దాల గది, అదే ఆఫీసు. పెద్దాయన మమ్మల్ని చూసి ఎంత సంబరపడ్డాడో! లేవబోతే మేమే వద్దన్నాం. అయినా తనే లేచి కాఫీ కలిపాడు. నేను ఆస్పత్రిలో పనిచేస్తానని తెలిసి, తనకు ఆపరేషను చేసిన డాక్టరు హస్తవాసి గురించి చెప్పాడు. కొత్త మోకాలు మెట్లు దిగేటప్పుడు చప్పుడు చేస్తుందని, నిలబడి, కాలు వంచి వినిపించాడు. నిజంగానే టక్కుమంది. మేమిద్దరం ఆశ్చర్యపోయాం. మా బావమరిది నా వైపు చూశాడు. నేను వాడి వైపు చూశాను. కాఫీ అయిపోయింది. "ఇంకేమైనా ఉందా?" అన్నాడు పెద్దాయన. ఈ దేశంలో వాళ్ళు అలా అడిగితే నిజంగానే అడుగుతారు. మనకు అది ఇక లేవండి అన్నట్టు వినిపిస్తుంది. ఇద్దరం ఒకేసారి లేచాం.

"ఏం లేదు సార్. మిమ్మల్ని చూసి పోదామని" అన్నాను. చిన్నవాడు కాదు, నేను అన్నాను ఆ మాట.

మా ఆవిడ మెట్ల మీదే కూర్చుని ఉంది. మా మొహాలు చూడగానే అర్థమైపోయింది.

"ఏం అడిగొచ్చారు?"

"మోకాలు ఎలా ఉందో అడిగాం" అన్నాడు వాడు.

ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండేది. చెప్పులు వేసుకుని, దుకాణంలో వేసుకునే ఏప్రను కూడా విప్పకుండా, మెడలో టేపు వేలాడుతుండగానే వెళ్ళి బస్సెక్కింది. మేము వెనకాల పరుగెత్తాం గాని బస్సు అందలేదు.

ఆవిడ తిరిగి వచ్చి చెప్పింది ఇది. పెద్దాయన ముందు నవ్వాడట. "మీవాళ్ళు ఇప్పుడే వచ్చి వెళ్ళారే" అన్నాడట. తర్వాత ఆవిడ సంగతి చెబుతుంటే నవ్వు ఆగిపోయిందట. ఆయన కంపెనీ ప్రభుత్వం దగ్గర నమోదు కాలేదు. ఆయనకు అలా నమోదు కావాలని కూడా సరిగా తెలియదు. ఇంతవరకు బయటి దేశం మనిషి ఎవరూ ఆయన దగ్గర పనిచెయ్యలేదు మరి.

"'నేను అడిగాను కదమ్మా. ఆస్పత్రిలో అడిగాను. తొందర లేదన్నాడు. నాతో పని లేకుండా వేరే దారేదో చూసుకున్నాడేమో అనుకున్నాను. కావలసినవాడు అడగడా?' అన్నాడు" అంది మా ఆవిడ. "ఆ మనిషి అప్పటికప్పుడే కాగితాల కోసం సొరుగులన్నీ తెరిచాడురా. నేను ఇంకేం అంటాను?"

మా బావమరిది సోఫా అంచున కూర్చుని మోచేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. "పాపం, ఆయనకు ఇప్పుడే నయమైంది. ఈ కంగారొకటి పెట్టాం" అన్నాడు.

మా ఆవిడ వాడి వైపు చూసి, లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

పెద్దాయన మాత్రం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఆ సోమవారమే నమోదుకు అర్జీ పెట్టాడు. మామూలు వరసలో జవాబు రావడానికి పట్టే వారాలు, మాకు మిగిలిన వారాల కంటే ఎక్కువ. తొందరగా తేల్చే వరస ఒకటి ఉంది. దానికి రోజుకు కొందరినే తీసుకుంటారు. పొద్దున ఆఫీసు తెరవగానే ఒక విన్నపం పంపాలి, ముందుగా అందినవాళ్ళకు ఆ రోజు చోటు. మిగతావాళ్ళు మర్నాడు మళ్ళీ మొదటి నుంచి. నిన్న వరసలో నిలబడ్డానన్న మాటకు విలువ లేదు.

రోజూ పొద్దున పెద్దాయన షెడ్డులో ఒక కంప్యూటరు ముందు, మా బావమరిది పక్కనే ఇంకోదాని ముందు కూర్చునేవాళ్ళు. మా ఆవిడ దుకాణానికి వెళ్ళే ముందు అక్కడికి వెళ్ళి వాళ్ళిద్దరి వెనక నిలబడేది. ఆఫీసు తెరిచే క్షణానికి ఇద్దరూ మీట నొక్కేవాళ్ళు. తెర మీద చక్రం తిరిగేది. తర్వాత "ఈ రోజుకు చోట్లు నిండాయి" అని వచ్చేది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలిసేది కాదు. అవతల మనిషి ఉంటే కదా. కాళ్ళు పట్టుకుందామన్నా కాళ్ళు లేని ఆఫీసు అది.

వీసా సలహాలు చెప్పే ఒకామె దగ్గరికి కూడా వెళ్ళాం. ఆమె మంచి మనిషి. మా కాగితాలన్నీ చదివి, తల పైకెత్తకుండానే, "పెద్ద కంపెనీవాళ్ళు పిలిచినప్పుడు వెళ్ళి ఉంటే బాగుండేది" అంది. అక్కడ ఇప్పుడు ఖాళీ లేదు, వాకబు చేశాం.

"ఇక్కడి పిల్లనెవరినైనా పెళ్ళి చేసుకుంటే?" అంది మా ఆవిడ, ఇంటికొస్తూ. సగం నవ్వులాట, సగం నిజం.

"దానికి కూడా అడగాలి కదక్కా" అన్నాడు వాడు.

బస్సులో ముగ్గురం పగలబడి నవ్వాం. ముందు సీట్లోవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. నవ్వుతూ నవ్వుతూ మా ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ మళ్ళీ తుడుచుకుంది.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున, వాళ్ళు షెడ్డుకు బయలుదేరాక, నేను స్నానం చేసి ఫ్రిజ్ ముందు నిలబడ్డాను. దీపం పెట్టాను. ఇంట్లో ఎవరూ లేరు. అయినా చుట్టూ చూశాను. "స్వామీ, ఈ పిల్లవాడికి ఇవాళ ఆ వరసలో చోటు ఇప్పించు" అన్నాను, పైకే. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. సిగ్గేసింది. అంతలోనే ఇంకో ఆలోచన వచ్చింది. ఇవాళ చోటు దొరకాల్సినవాళ్ళ ఇళ్ళలో కూడా ఎవరో ఒకరు ఇలాగే నిలబడి ఉంటారు కదా. వీడికి ఇప్పించమంటే వాళ్ళలో ఒకరికి వద్దని చెప్పినట్టే కదా. ఆ మాట వెనక్కి తీసుకుందామా అనిపించింది. తీసుకోలేదు. వీడు మా పిల్లవాడు, ఏం చెయ్యను!

ఆ రోజు కూడా చోట్లు నిండాయి. ఆయన వినలేదని నేను అనను. విని ఏమనుకున్నాడో నాకు తెలియదు, అంతే.

గడువు ముగిసేలోపు వెళ్ళిపోతే మళ్ళీ రావడానికి దారి ఉంటుంది. గడువు దాటితే ఆ మచ్చ ఎప్పటికీ పోదు. అందుకని వాడికి విమానం టికెట్టు తీశాం. పెద్దాయన నమోదు పూర్తయ్యాక అక్కడి నుంచే అర్జీ పెట్టుకోవచ్చని సలహాదారు అంది. "అప్పటికి జీతం గీత పెంచుతారని అనుకుంటున్నారు" అని కూడా అంది. పెంచితే చిన్న కంపెనీ అంత ఇచ్చుకోలేదు. పెద్దాయన ఆ మాట విని చేతికర్ర ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

షెడ్డులో చివరి రోజు వాడు గీసిన బొమ్మలన్నీ వరసగా సర్ది, ఏ గది తలుపు రబ్బరు ఎప్పుడు మార్చాలో కూడా చెప్పి వచ్చాడట. వచ్చేముందు పెద్దాయన, "నేను ఇంకా గట్టిగా అడిగి ఉండాల్సింది" అన్నాడట.

"మీరు అడిగారు సార్" అన్నాడట వీడు.

ఇంట్లో మా ఆవిడ సూట్‌కేసు సర్దింది. చొక్కాలన్నీ మళ్ళీ ఇస్త్రీ చేసింది. ఒక ప్యాంటు పొడవు ఎక్కువుందని కుట్టు విప్పి మళ్ళీ కుట్టింది. అది వాడు రెండేళ్ళుగా వేసుకుంటున్న ప్యాంటే. వాడు సోఫా మీద దుప్పటి మడతపెట్టి దాని మీద దిండు పెట్టాడు. అంత చక్కటి మడత మా ఆస్పత్రిలో కూడా ఎవరూ వెయ్యరు.

"పచ్చడి సీసా పెట్టనా?" అంది.

"పర్లేదక్కా."

"పర్లేదంటే పెట్టమనా, వద్దనా? ఒక్కసారైనా సరిగ్గా చెప్పి చావరా!"

వాడు పెట్టెలో చొక్కాలు ఒక పక్కకు జరిపాడు. "పెట్టు. రెండు పెట్టు" అన్నాడు.

విమానం మధ్యాహ్నానికి. ఆ రోజు నాకు పొద్దుటి డ్యూటీ. మాకు మనుషుల కొరత. సెలవు అడిగితే మా సూపర్‌వైజరమ్మ, "నీ బదులు ఎవరినైనా నిలబెట్టి వెళ్ళు, నాకు అభ్యంతరం లేదు. ఖాళీగా ఉంచి మాత్రం పోలేవు" అంది. న్యాయమే. వార్డుల్లో మంచాలు దుప్పట్ల కోసం ఆగవు కదా.

మా చోట రోలరు పని ఇద్దరిది. దుప్పటికి ఒక పక్క రెండు చెంగులు ఒకరు, అవతలి పక్క రెండు చెంగులు ఒకరు పట్టుకుని లాగి, ఒకేసారి లోపలికి అందించాలి. నా అవతలి పక్క పట్టుకునే ఆయనది వేరే దేశం, వేరే భాష. చాలా ఏళ్ళ కిందట వాళ్ళమ్మాయి బడిలో పాట పాడుతుంటే చూడాలని, నన్ను అడిగి తన డ్యూటీ నాకు అప్పగించి వెళ్ళాడు. "నీకు నేనొక డ్యూటీ బాకీ" అన్నాడు. అప్పటి నుంచీ డ్యూటీల పట్టిక గోడకు అంటించిన ప్రతిసారీ, "ఈసారి తీర్చెయ్యనా?" అంటాడు. "ఇప్పుడేం అవసరం లేదులే" అంటాను నేను. వాళ్ళమ్మాయి బడి దాటి కాలేజీకి కూడా వెళ్ళిపోయింది. బాకీ మాత్రం పెరక్కుండా తరక్కుండా అలాగే ఉంది.

ముందు రోజు భోజనం బల్ల దగ్గర ఆయన ఎదురుగా కూర్చున్నాను. మర్నాడు ఆయనకు సెలవు. సెలవు రోజున మనిషిని పనిలోకి రమ్మని ఎలా అడగడం? రొట్టె ముక్క తుంచి, వాన గురించి మాట్లాడాను. మళ్ళీ తుంచి, కొత్త సబ్బు పొడి వాసన గురించి మాట్లాడాను.

"ఏమిటి సంగతి?" అన్నాడు ఆయన.

"రేపు..." అన్నాను. నీళ్ళు తాగాను. "రేపు నా డ్యూటీ నువ్వు చెయ్యగలవా?"

ఆయన చెంచా కింద పెట్టి బల్ల మీద ఒక్క చరుపు చరిచాడు. "ఇన్నేళ్ళకు! నేను పోయాక నా సమాధి దగ్గరికొచ్చి అడుగుతావేమో అనుకున్నాను. ఎందుకు? పెళ్ళికా?"

"కాదు. మా ఆవిడ తమ్ముడు వెళ్ళిపోతున్నాడు. వీసా అయిపోయింది."

ఆయన నవ్వు మొహం మీదే ఆగిపోయింది. ఆయనా బయటి నుంచి వచ్చినవాడే. ఇంకేమీ అడగలేదు. "మొదటి బస్సు మా వైపు రేపు లేదు. రెండోదాంట్లో వస్తాను. అంతవరకు నువ్వు మొదలుపెట్టు" అన్నాడు.

పొద్దున నేను డ్యూటీలో దిగాను. కొత్తగా చేరిన ఒకామె అవతలి పక్క నిలబడింది. రోలరు వేడెక్కింది. కిటికీలోంచి చూస్తే లోడు దిగే తలుపు అవతల పెద్దాయన వ్యాను ఆగి ఉంది. విమానాశ్రయానికి తనే దింపుతానని పట్టుబట్టాడు ఆయన. ముందు సీట్లో మా బావమరిది, వెనక పెట్టెల మధ్య మా ఆవిడ. చల్లటి గదుల గోడలు మోసే వ్యాను అది, కూర్చోవడానికి వెనక సరిగా చోటు ఉండదు. వాళ్ళు లోపలికి వచ్చి తొందర పెట్టలేదు. హారను కూడా కొట్టలేదు. అలా కూర్చున్నారు. గడియారం వైపు చూడకూడదనుకుంటూనే చూశాను. ఒక బోను ఖాళీ అయింది. ఇంకోటి తోసుకొచ్చారు. రెండో బస్సు వచ్చే వేళ దాటిపోయిందనిపించింది. రాకపోతే నేను చేసేదేమీ లేదు. దుప్పటి వెనక దుప్పటి అందిస్తూనే ఉన్నాను. వ్యాను అద్దం కిందికి దిగింది. మా బావమరిది చెయ్యి బయటికి వచ్చి, పర్లేదు, మేం వెళ్తాం అన్నట్టు ఊగింది. పెద్దాయన ఇంజను మొదలుపెట్టాడు.

అప్పుడు వెనక తలుపు తోసుకుని నాకు డ్యూటీ బాకీ ఉన్న ఆయన వచ్చాడు. బస్టాపు నుంచి పరుగెత్తినట్టున్నాడు, ఊపిరి అందడం లేదు. సెలవు రోజు వేసుకునే మంచి చొక్కా మీదే ఏప్రను తగిలించుకుని, వచ్చి నా చేతుల్లోంచి దుప్పటి చెంగులు రెండూ తీసుకున్నాడు.

"పరుగెత్తు" అన్నాడు. "ఇక నీకూ నాకూ చెల్లు."